చలికాలపు మిడ్‌సమ్మర్

జూన్ 8, సోమవారం
మా అమ్మాయి హాసిని వాళ్ళ టీచర్ నన్ను మళ్ళీ పిలిచింది. జనవరిలో చేరినప్పటి నుంచి క్లాసులో ఒక్క మాటా మాట్లాడలేదట. ఇంట్లో నాతో తెలుగు, తమ్ముడితో స్వీడిష్... గడప దాటితే మౌనం. ఎనిమిదేళ్ళ పిల్ల.
కారులో అడిగాను, నీకేం కావాలమ్మా అని. "మిడ్‌సమ్మర్" అంది.

జూన్ 9
హాసిని పుట్టి పెరిగింది స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో. నాకు నెల్లూరు ఎలాగో దానికి అది అలాగ. అక్కడ జూన్‌లో నడివేసవి పండుగ, మిడ్‌సమ్మర్, వస్తే ఆకులూ పూలూ చుట్టిన స్తంభం నిలబెట్టి, దాని చుట్టూ పిల్లా పెద్దా కప్పల్లా గెంతేవాళ్ళు. నేను ఏటా కోటు వేసుకుని, కంచె పక్కన నిలబడి వీడియో తీసేదాన్ని. ఒక్కసారీ ఆడలేదు.
ఇప్పుడు నేనే చెయ్యాలి. జూన్ అంటే చలికాలమైన ఆస్ట్రేలియాలో, ఈ బ్రిస్బేన్‌లో. మా ఆయన రవి నవ్వాడు. నవ్వనీ.

జూన్ 14, ఆదివారం
పక్కింటి అంకుల్ స్తంభానికి కర్రలు కోసిచ్చారు. ఫిజీలో పుట్టినాయన, తాతల నాటి తెలుగు అరకొరగా వచ్చు. స్వీడన్ పూలు ఇక్కడ దొరకవని దిగులుపడ్డాను. "మా తాత ఏ పువ్వు దొరికితే అదే పెట్టినాడు, బేటీ. దేవుడు అడగలే" అన్నారు.
కాగితపు పూలు, వాటిల్ అనే ఇక్కడి పసుపు పూలు, అక్కడి ఆకుల బదులు యూకలిప్టస్. ఆ పండుగ కేకుకి కావలసిన స్ట్రాబెర్రీలకి మాత్రం ఇక్కడ ఇదే కాపు కాలం!

జూన్ 19
రేపటి పండుగకి హాసిని క్లాసులోని నలుగురు ఆడపిల్లల్ని పిలిచాను. ఇద్దరి తల్లులే జవాబిచ్చారు.

జూన్ 20, శనివారం
నిలబెట్టాం!
మొదటిసారి ఒరిగిపోయింది. రెండోసారి అంకుల్, రవి, నేను — ముగ్గురం భుజాలిచ్చాం. నిలిచింది.
వచ్చిన ఇద్దరు పిల్లలూ జాకెట్ల జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నారు. హాసిని వరండాలోంచి కదలదు. ఫోన్‌లో పాట పెట్టాను. ఎవరూ రాలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేనొక్కదాన్నే గెంతడం మొదలుపెట్టాను. ఒక చుట్టు... రెండు చుట్లు. రవి తల దించుకున్నాడు. నాకూ సిగ్గుగానే ఉంది, అయినా ఆపలేదు.
మూడో చుట్టులో హాసిని దిగి వచ్చింది. "అమ్మా, అలా కాదు." నా చేతులు పట్టి చెవుల దగ్గర పెట్టింది. తర్వాత ఆ పిల్లల వైపు తిరిగింది. "హ్యాండ్స్ హియర్. నౌ జంప్."
ఇంగ్లీషులో. గట్టిగా.
వాళ్ళు గెంతారు. అంకుల్ కూడా, మోకాళ్ళ నొప్పులతోనే. పొద్దు గూకేదాకా ఆడాం — ఇక్కడ అది ఐదింటికే. స్వీడన్ పద్ధతిలో ఊరవేసిన చేప ఎవరూ ముట్టలేదు, స్ట్రాబెర్రీ కేకు ముక్క మిగల్లేదు.
కాళ్ళు పీకుతున్నాయి. ఇంత సంతోషపడి ఎన్నాళ్ళయింది!

జూన్ 22
టీచర్ మెసేజ్. హాసిని చెయ్యెత్తి, కప్పల ఆట గురించి అందరికీ చెప్పిందట. మూడుసార్లు చదివాను.

జూన్ 24
స్కూలు నుంచి వస్తూ కారులో ఒకటే కబుర్లు. నాతోనూ ఇంగ్లీషే. తెలుగులో అడుగుతున్నా, ఇంగ్లీషులో చెబుతోంది. తెలుగులో చెప్పమనబోయి... ఆగాను.
ఇంటి ముందు దిగుతూ అడిగింది, "ఆర్ వీ స్టేయింగ్ హియర్, అమ్మా?"
రవి ఉద్యోగం కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఇంకా తేలలేదు. "ఇంకా తెలియదమ్మా" అన్నాను, తెలుగులోనే.