స్వప్న చుట్టిన బాబిన్లు

మంగళవారం, అశోక్‌నగర్ హాస్టల్

ఎమ్మెస్సీ జెనెటిక్స్ చదివింది నేను, చప్పట్లు మాత్రం రూమ్మేట్ స్వప్నకు!

గ్రూప్స్‌కు కలిసి చదివే అమ్మాయిలకు ఇవాళ డీఎన్‌ఏ పాఠం నేనే చెప్పాను. రెండు మీటర్ల పోగు కంటికి కనిపించని కణంలో ఎలా ఇముడుతుందో, హిస్టోన్ ప్రోటీన్లతో సహా వివరిస్తే అందరూ ఆవలించారు.

ఊళ్లో టైలరింగ్ చేసిన స్వప్న లేచి దారం, బాబిన్లు తెచ్చింది.

"ఈ దారం డీఎన్‌ఏ, ఈ బాబిన్లు హిస్టోన్లు. ఒక్కోదానికి రెండు చుట్లకు జర తక్కువ, తెంపకుండ పక్కదానికి పోవాలె. ఇట్ల చుట్టి మడిస్తే ఎంత పొడుగున్నా పడ్తది."

చప్పట్లు.

"అక్క చెప్పిందే గద, నేను దారం చుట్టిన గంతే" అంది. నాకు కోపానికి సాకు కూడా మిగల్లేదు.

ఆ బాబిన్ల దండ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. మార్కులైతే తెచ్చుకున్నాను గానీ, డీఎన్‌ఏ నాకూ ఇవాళే అర్థమైంది. ఆ సంగతి స్వప్నకు చచ్చినా చెప్పను.