నీ వీడియోలో పాట పెట్టలేదు

అన్నా,

నువ్వు ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయి ఇవాళ్టికి ఏడాది. నీ కథను వీడియో చేయడం ఫోన్‌లో నేనే నేర్చుకున్నాను. గొంతు రికార్డు చేస్తే ముందు బూతులే వచ్చాయి. చెరిపేసి మళ్లీ చెప్పాను. అశోక్‌నగర్‌లో నువ్వు కడుతూ పడిపోయిన హాస్టల్‌ను తీస్తుంటే మన మేస్త్రి అడ్డమొచ్చాడు.

"ఏందిర గిది? జారి పడ్డోనికి ఎవడేం చేస్తడు? ఫొటోకు దండేసి, జర మంచి పాట పెట్టుకో. బిల్డింగ్ చూపిస్తే రేపట్నుంచి పనికి రాకు."

"జారితే పట్టుకోనీకి నడుముకు తాడేది మేస్త్రీ?"

నువ్వు పడ్డ మర్నాడే బిల్డింగ్‌కు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టించింది, అమావాస్యకోసారి కొత్తది మార్పిస్తున్నదీ అతనే.

పాట పెట్టలేదన్నా. కొత్త నైలాన్ తాడుకు వేలాడుతున్న ఆ గుమ్మడికాయను వీడియో చివర్లో చూపించి, కింద నీ పేరు రాశాను. మొదట మేస్త్రికే పంపాను.