ఎడంచేతి ఉలి

తాష్‌పినార్,
8 మే 2009.

తమ్ముడు యాకుప్‌కి అక్క హానిఫె రాస్తున్నది,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలి. పెట్టను. ఫోనెత్తే ముఖం నీకు లేదు కాబట్టి ఉత్తరమే గతి. చదవకుండా చింపావంటే ఎస్కిషెహిర్ వచ్చి, నువ్వు పనిచేసే చోటే నిలబడి అందరూ వినేలా చదువుతాను.

మొన్న హిద్రెల్లెజ్ పండక్కి అమ్మను, ఎప్పటివాళ్లో కొండకు చెక్కిన మన కొండరాతి తల్లి బొమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లూ పోయినా అక్కడికి వెళ్లిరానిదే ఆమెకు పండగ కాదు. గసగసాల రొట్టెలు మూటగట్టుకుని పక్కింటి కద్రియె వాళ్ల ట్రాక్టరులో వెళ్లాం. అమ్మ ఎప్పటిలాగే గులకరాయి తీసుకుని, కోరిక అనుకుని, ఆ తల్లి ఒడికి అదిమింది. నిలిస్తే కోరిక తీరినట్టు కదా. నిలవలేదు, లోపలికి పడిపోయింది. అక్కడ ఒడి లేదు యాకుప్. మోచేతి దాకా దూరే గొయ్యి ఉంది.

అమ్మ అందులో చెయ్యి పెట్టి ఉలి దెబ్బలన్నీ తడిమింది. నాన్నా నువ్వూ సమాధిరాళ్లు చెక్కుతుంటే నలభై ఏళ్లు రాతిపొట్టు ఊడ్చిన మనిషి. నా చెవిలో, “ఎడంచేతి వాటమే ఇది. మన పిల్లోడిదే,” అంది. కద్రియె వచ్చి, “ఏంటి పెద్దమ్మా, ముఖం అలా పాలిపోయింది?” అంటే, “ఏం లేదే, ఎండ తగిలింది,” అని బొంకింది. ఆ రోజంతా మబ్బే. డెబ్బై ఏళ్ల మనిషి చేత ఆ తల్లి ముందే అబద్ధం ఆడించావు కదరా!

పాలు పడని బాలింతలంతా అక్కడికే పోయి మొక్కుకున్నారు. నువ్వు పుట్టినప్పుడు అమ్మా పోయింది. ఆ పాలు తాగి ఆ ఒడే తవ్వావు. ఏం దొరికిందిరా? రాతిపొట్టు తప్ప?

జెండార్మా పోలీసు సార్జెంటు ఎవరు తవ్వారని ఊళ్లో అందరినీ పిలిచి అడుగుతున్నాడు. ఏ పాపం ఎరగని గొర్రెలకాపరి సెయిత్ తాతను నిన్నంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. పద్దెనిమిదో తేదీన నా వంతు. “చెప్పకే, వాడు జైల్లో కూర్చుంటే నా మీద మట్టి ఎవరు వేస్తారే?” అని అమ్మ కాళ్లావేళ్లా పడుతోంది. అయినా చెబుతాను. ఆ లోపు నీ అంతట నువ్వే వచ్చి ఒప్పుకున్నావా సరే, లేదంటే నీ పేరు చెప్పి సంతకం పెడతాను.

వస్తే ముందు అమ్మ దగ్గరికి రా.

నీ అక్కనని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్న
హానిఫె

తా.క. అంటించిన కవరు మళ్లీ చింపాను. ఆ ఒడిలో బంగారం ఉందని నీకు చెప్పింది నేనే. నీకప్పుడు ఐదేళ్లు. గొర్రెలు మేపడానికి వెంట తీసుకెళితే, ఇంటికి పోదామని ఏడ్చి నన్ను కాల్చుకుతిన్నావు. నువ్వు మంచిగా ఉంటే పెద్దయ్యాక ఆ తల్లి తన బంగారమంతా నీకే ఇస్తుందని అప్పటికప్పుడు అల్లాను. నువ్వు ఏడుపు మానావు. ఆ తర్వాత ఎన్నేళ్లొచ్చినా అది ఉత్తదేనని నీకు చెప్పలేదు. పద్దెనిమిదిన ఆ మాటా చెబుతాను సార్జెంటుకి. అమ్మకు ఇంకా చెప్పలేదు. మొన్న ఇంటికి రాగానే, “నా బిడ్డకు ఈ బంగారం పిచ్చి ఎక్కించిన నోరు పడిపోను!” అని చేతులెత్తి శపించింది. పక్కనే కూర్చుని నేను ఆమీన్ అన్నాను.