వసకొమ్ము

అమ్మకు,

నువ్వు మన యాడికి ఊరి నుంచి పంపిన వసకొమ్ము అందింది. మాటలు రావాలని ఏడాదిగా రోజూ అరగదీసి పాప నాలుకకు రాస్తున్నాం. రెండేళ్లు నిండబోతున్నా నన్నింకా అమ్మా అని పిలవలేదు.

నిన్న మధ్యాహ్నం మా దొడ్లో బోరు వేశారు. ఆ మోతకు మేకలు తాళ్లు తెంచుకున్నాయి. పక్కనే ఉయ్యాల్లో పాప మాత్రం కదలకుండా నిద్రపోయింది. "బంగారట్ల బిడ్డ, దేనికీ జడుసుకోదు సూడు" అని మా అత్త మురిసిపోయింది.

ఎనిమిది వందల అడుగులకూ దుమ్మే లేచింది. బోరు బండి వెళ్లిపోయాక, ఆడుకుంటున్న పాప వెనక నిలబడి పళ్లెం మోగించాను. తల తిప్పలేదు.

పాపకు చెవులు వినపడవమ్మా.

ఇంటిల్లిపాదీ నీళ్లు పడలేదని ఏడుస్తుంటే వాళ్లతో కలిసి ఏడ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. పొద్దున అత్త మళ్లీ వస అరగదీస్తుంటే పాప నోరు తెరిచి పట్టుకున్నాను.

నువ్వు మాత్రం ఇక పంపవద్దు.

నీ కూతురు