సగము సాక్ష్యము

చెన్నపట్టణము, 13-2-1934

నాయనగారికి వందనములు.

దక్షిణాఫ్రికాలో ఉపాధ్యాయుడనై స్థిరముగా నివసించుటకు నేను పెట్టుకొన్న అర్జీకి నిన్న వైద్యపరీక్ష జరిగినది. నా సత్ప్రవర్తనను గూర్చి మన సంఘపు పాదిరిగా మీరిచ్చిన ఉత్తరములో, ఆదివారము గుడిలో సాక్ష్యము చెప్పినట్లే, "గుండెజబ్బుతో సచ్చిపోతాండిన నా బిడ్డను దేవుడు లేపినాడు" అని వ్రాసితిరి. డాక్టరుగారు మన వైపు కర్నూలువారే.

"ఏమప్పా, ఈ జబ్బు మాట నీ అర్జీలో యాడా లేదే?" అనిరి.

"దేవుడు లేపినాడనియు అందే యున్నది. సగము సాక్ష్యమును నమ్మి సగమును త్రోసివేయుట న్యాయమా?" అంటిని.

"శానా బాగా వాదిస్తాండావు. నీ గుండె ఏమంటాదో విందాం" అని నవ్వి, ఱొమ్మున గొట్టము పెట్టిరి. ఆ నిశ్శబ్దములో నేను చిన్నవాడనై, మన పాపఘ్ని యేటి యిసుకలో చెలమ త్రవ్వి, నీరూరు సవ్వడికై చెవి యొగ్గి పండుకొని యుంటిని.

"జబ్బు ఉండాది. పాఠం చెప్పేదానికి అడ్డం రాదు" అనుచు, అట్లే వ్రాసి పంపిరి. జవాబు ఏప్రిలులో వచ్చును. మీ ఉత్తరమునకై నొచ్చుకొనకుడు, దాచినవాడను నేను.

చెల్లెలు కృపమణికి దగ్గు తగ్గినదా? ఏటి చెలమలో ఇంకను నీరున్నదా? నా కంబళి పంపుడు. సంఘపు పెద్దలకు నా వందనములు.

అమ్మతో నా గుండె నయమైనదని చెప్పకుడు. పని చేయుచున్నదని చెప్పుడు.

మీ కుమారుడు,
లేవి