రెండోదాన్ని ముగ్గురికిచ్చాను

ఫ్రేముల షాపు బాబాయిగారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. మీ షాపు గోడ మీద ఫొటోలు తగిలించి అమ్ముతారని మా ఆయన ఓసారి చెప్పారు. ఈ కవరులో మూడు పెట్టాను. మొదటిది తీగ మీద ఆరేసిన బట్టల నీడ. రెండోది కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దావిడ. మూడోది గేటు మీద కాకి. మా ఆయన మోజుపడి కొని వదిలేసిన కెమెరాతో నేనే తీశాను. బట్టలుతుకుతున్నానని చెప్పి బాత్రూములో నేనే కడిగాను. ఎవరైనా కొంటే నాకు డబ్బు వద్దు. ఫొటో కాగితం కొని ఉంచండి, ఆయన వచ్చేటప్పుడు తెస్తారు.

ఆయన ఉద్యోగం వేరే ఊళ్ళో. ఇక్కడ నేను, అత్తగారు, మరిది ఉంటాం. కెమెరా ఊరికే పడుంది, అమ్మేసి మిక్సీ కొందామని అత్తగారు అంటున్నారు. నేను దాంతో ఏం చేస్తున్నానో తెలిస్తే ఆ రోజే అమ్మేస్తారు. మా ఆయనకి తెలుసు గానీ వాళ్ళమ్మ ముందు నోరెత్తరు. ఆ కెమెరా పోతే నాకంటూ ఇంకేమీ ఉండదు.

ఇంటికొచ్చే ప్రతి ఉత్తరం అత్తగారే విప్పి, పైకి చదివి, తర్వాత నాకిస్తారు. అందుకని దయచేసి కవరు వెనకున్న మా ఇంటి చిరునామాకి మా పిన్ని రాసినట్టు జవాబు రాయండి. ఫొటోలని పిల్లలు అనండి. అమ్ముడైతే సంబంధం కుదిరిందనండి. నా పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి. అసలు మీకూ చెప్పను.

ఇట్లు,
పేరు చెప్పనిది

తా.క. మరీ ప్రేమగా రాయకండి. మా పిన్ని అలా రాయదు.


చి॥ల॥సౌ॥ అమ్మాయికి పిన్ని దీవించి రాయునది.

ఇక్కడ అంతా క్షేమం. పిల్లలు ముగ్గురూ నలగకుండా ఇల్లు చేరారు. పెద్దది కాస్త మసకగా ఉంది, అయినా నిలబెడితే బాగానే కనపడుతుంది. మూడోది మరీ నలుపు. పైగా ఎప్పుడెగిరిపోదామా అన్నట్టుంటుంది. రెండోది మాత్రం బంగారం. గోడకి తగిలించానో లేదో అందరి కళ్ళూ దాని మీదే. ఎవరి పిల్ల అని ఒకటే అడగడం. తల్లెవరో చెప్పడానికి వీల్లేదన్నాను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. నీ మీద నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు.


బాబాయిగారికి,

నమస్కారం. మీ ఉత్తరం వచ్చేసరికి మరిది అన్నం తింటున్నాడు, నేను వడ్డిస్తున్నాను. అత్తగారు ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చదివారు.

"గోడకి తగిలించడమేమిటే? ఆడపిల్లా, గొడుగా?"

"వాళ్ళ వైపు అలా అంటారండీ."

"తన కూతురికి తల్లెవరో తనే చెప్పదా? అంత దాచాల్సిన పనేముందే?"

నా చేతిలో గరిటె జారి కంచంలో పడింది. ఆ చప్పుడులో జవాబు చెప్పే పని తప్పింది. కానీ ఆవిడ ఊరుకోలేదు. మరిదిని ఎగాదిగా చూసి, "రెండోది బంగారమట. మన వాడికి అడుగుదామా?" అన్నారు. వాడు చెవులదాకా ఎర్రబడి, "నలుపైనా మూడోదే బాగున్నట్టుందమ్మా, హుషారుగా" అన్నాడు.

రాత్రంతా నిద్ర లేదు. రెండోదానికి వేరేచోట ఖాయమైపోయిందని వెంటనే రాయండి. మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
భయస్థురాలు

తా.క. మూడోది కాకి అని మరిదికి ఎలా చెప్పను?


చి॥ల॥సౌ॥ అమ్మాయికి పిన్ని దీవించి రాయునది.

శుభవార్త. నువ్వు కోరినట్టే రెండోదానికి కుదిరింది. ఒక్కరికి కాదు, ముగ్గురికిచ్చాను. ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఎవరికీ అభ్యంతరం లేదు. నాలుగో ఆయన సాయంత్రం వస్తానన్నాడు. కాబట్టి అచ్చం అలాంటివే ఇంకో మూడు నువ్వు తయారుచేసి పంపు. ఇక పెద్దదాన్ని ఒక డాక్టరుగారు అడిగారు గానీ, ఆయన గదిలో పట్టదట. కింద జానెడు కత్తిరించమన్నారు. దానికేం భాగ్యం, కత్తి నా చేతిలోనే ఉందన్నాను.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. మూడోది అలాగే గోడవైపు తిరిగి దుమ్ము కొట్టుకుంటోంది. రోజూ గుడ్డ పెట్టి తుడుస్తున్నాను.


బాబాయిగారికి,

ఈసారి అత్తగారు ఉత్తరం పైకి చదవలేదు. మనసులో చదువుకున్నారు. ఈ ఇంటికొచ్చాక ఆవిడ నోరు కదలకుండా చదవడం నేనెప్పుడూ చూడలేదు. చదివి, మడిచి, కళ్ళజోడు తీసి, "ఏమే, మీ వాళ్ళు మనుషులేనా?" అన్నారు మెల్లగా. ఆవిడ అరిస్తే నాకు అలవాటే. మెల్లగా అనడం ఇదే మొదలు.

"ముగ్గురికిచ్చిందట. నాలుగో వాడు వస్తున్నాడట. పెద్దదాని కాళ్ళు కోస్తుందట. ఇంకో ముగ్గుర్ని నువ్వు తయారుచెయ్యాలట. ఎక్కడ చేస్తావే, వంటింట్లోనా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. అది ఒక్కటే నిజంగా వచ్చింది.

మీకు ఒక సంగతి చెప్పక తప్పదు. కుర్చీలో నిద్రపోతున్న ఆ పెద్దావిడ మా అత్తగారే. ఆవిడని అడగకుండా తీశాను. ఇప్పుడు ఆవిడే మీ ఊరొచ్చి మా పిన్నిని కడిగేస్తానంటున్నారు. కవరు మీద చిరునామా చింపి చెంగున ముడేసుకున్నారు. ఎలాగైనా ఆపండి.

ఇట్లు,
ప్రాణాలు అరచేత పట్టుకున్నది

తా.క. కవరు మీద మీ చిరునామా రాయమని మీకెవరు చెప్పారు?


చి॥ల॥సౌ॥ అమ్మాయికి పిన్ని రాయునది.

మీ అత్తగారు రావలసిన అవసరం ఎంతమాత్రం లేదు. వచ్చినా ఇక్కడ పిల్లలెవరూ కనపడరు. ముగ్గుర్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండోదాన్ని దుప్పటిలో చుట్టి అడుగున పెట్టాను, కాబట్టి చప్పుడు కూడా రాదు. ఆవిడ నిశ్చింతగా ఉండవచ్చు.

ఇట్లు,
పిన్ని

తా.క. నేను కాస్త గాభరాలో ఉన్నాను, తప్పులుంటే మన్నించు.


బాబాయిగారికి,

ఆవిడ మొదటి బస్సుకే బయల్దేరారు. మరిదిని కూడా రానివ్వలేదు. చేతికర్ర తీసుకెళ్ళారు. ఆవిడకి కర్ర అవసరం లేదు, కాళ్ళు బాగానే ఉన్నాయి.

ఈ ఉత్తరం మీకు ఆవిడ తర్వాతే చేరుతుందని తెలుసు. అయినా చేతులు ఊరుకోక రాస్తున్నాను. కెమెరాని చీరల మధ్య పెట్టాను. మళ్ళీ తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. చివరికి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇట్లు,
మీ వల్ల కాదు, నా వల్లే


మీసాలున్న వదినగారికి,

మీ కోడలిగారి అత్త రాయునది. వరస తప్పుగా పడింది, మీకు అర్థమవుతుంది.

మీ షాపుకి నేనొచ్చింది ఆడపిల్లల్ని విడిపించడానికి. కర్ర కూడా అందుకే. బీరువా తెరిపించి దుప్పటి విప్పితే లోపల నేనున్నాను, నోరు తెరుచుకుని. ఈ వయసులో నన్ను ముగ్గురికిచ్చారన్నమాట! మీరు స్టూలు మీద కూలబడ్డారు కాబట్టి అప్పుడు అడగలేకపోయాను. కూలబడినవాళ్ళకి నీళ్ళివ్వాలి గానీ ప్రశ్నలు వెయ్యకూడదు.

ఒక్క సంగతి మీకు చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం నేను నిద్రపోలేదు. అడుగుల చప్పుడు విని కన్ను సందులోంచి చూశాను. కోడలు ఆ డబ్బా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా వంకే చూస్తూ నిలబడింది. మా పెళ్ళి ఫొటోలో కూడా నేను సగమే పడ్డాను, మిగతా సగం మా ఆడపడుచు భుజం. నన్ను అంతసేపు ఎవరూ చూడలేదు. కదిలితే పారిపోతుందని అలాగే ఉండిపోయాను. నమ్మకం కుదరాలని నోరు కూడా నేనే తెరిచాను.

కెమెరా అమ్మను. మిక్సీ మాట ముందు నిజంగానే అన్నాను, ఆ మధ్యాహ్నం తర్వాత ఊరికే అంటున్నాను. ఇంటికొచ్చి, మీ పిన్ని ఇల్లు దొరకలేదే అన్నాను. కోడలు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. ఎందుకని అడగలేదు.

నాకు తెలిసిపోయిందని దానికి రాయకండి. సిగ్గుతో చచ్చిపోతుంది, మళ్ళీ ఈ జన్మలో నన్ను తియ్యదు. నేను రోజూ అదే వేళకి అదే కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. మెడ పట్టేస్తోంది గానీ పిల్ల దగ్గరికి రావడం లేదు. ఆ పెద్దావిడవి ఇంకా కావాలని జనం గొడవ చేస్తున్నారని మీరే ఓ ముక్క రాయండి. పైకి చదివేది నేనే కదా, బాగా ఒత్తి చదువుతాను.

ఇట్లు,
మీ రెండో అమ్మాయి

తా.క. మా చిన్నవాడికి మంచి పిల్ల ఉంటే చెప్పండి. ఒక్కరికే ఇచ్చేవాళ్ళయి ఉండాలి.