పన్నెండు ఆదివారాలు

గుణుపురం,
12-7-1977, మంగళవారం.

చిరంజీవి మన్మథరావుకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మీ నాన్న, నేను, గొడ్డూ గోదా బాగానే ఉన్నాం. అక్కడ మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. రాయబోతే చెయ్యి ఆడలేదు. పిల్ల ఆసుపత్రి మంచం మీద ఉంటే ఆ ముక్క ఎలా రాయను?

ఎప్పుడూ మన ఉత్తరాలు సన్యాసయ్య మాస్టారు రాసిపెడతారు కదా, ఈసారి అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయేమిటని అనుకుంటావు. ఇది నేనే రాస్తున్నాను. ఐదో తరగతి చదువు ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది. మాస్టారికి చెప్పి రాయించే సంగతి కాదిది. ఓపిగ్గా కూడబలుక్కుని చదువు, మధ్యలో వదిలెయ్యకు.

వానలు బాగానే పడ్డాయి. దిగువ మడి దమ్ము అయింది, నాట్లు ఈ వారంలో వేస్తారు. మీ నాన్న రోజూ పొలానికి వెళ్తున్నారు గాని, ఇంటికొస్తే మాట లేదు. కంచం ముందు కూర్చుని, "వైజాగు నుంచి కబురేటైనా వచ్చిందా?" అని మాత్రం అడుగుతారు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. కోడలు నీలవేణి కాళ్ళ వాపు తగ్గలేదని, మూత్రంలో ఒంటి సారమంతా పోతోందని, కిడ్నీలకు తగిలిందని రాశావు. ఇన్ని మాత్రలు వాడినా రోగం ఇంత ముదిరిందంటే ఆ మాత్రలు పనిచేయనట్టే అని డాక్టరు అన్నాడనీ, ఇంకా ఘాటు మందు మొదలుపెట్టాలంటున్నాడనీ, అది పడితే పడుతుంది, లేకపోతే ప్రాణానికే ముప్పు అన్నాడనీ రాశావు. గురువారం నాటికి నువ్వు కాగితం మీద సంతకం పెట్టాలట. అందుకే ఈ తొందర. రైసుమిల్లు సత్తిబాబు రేపు పొద్దుటి రైలుకు బయలుదేరి, నౌపడలో బండి మారి వైజాగు వస్తున్నాడు. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఇది చదవకుండా సంతకం పెట్టకు.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు.

ఆకు పసరులూ, నాటు మందులూ ఏమైనా మింగించారా అన్నావు. లోపలికి ఏదీ ఇవ్వలేదు. నీ ఉద్యోగం ఊరు సునాబెడలో చలికి దాని కీళ్ళు బిగుసుకుపోతున్నాయని నువ్వు ఇక్కడికి పంపాక, మన పనిమనిషి కుంతి కొండ కింద నుంచి వావిలాకు తెచ్చేది. ఆ ఆకు వేసి కాచిన నీళ్ళతో రోజూ కాపడం పెట్టేదాన్ని. పొద్దున్న వేళ్ళు ముడుచుకోలేని పిల్ల కాపడం అయ్యాక తన జడ తనే వేసుకునేది. పొద్దున్నే చోడి అంబలి, రాత్రి పలచగా చారు. నువ్వులనూనె వెచ్చచేసి మోకాళ్ళకు రాసేదాన్ని. వీటివల్ల చెడ్డ జరగలేదు. బరంపురం డాక్టరు కూడా చేసుకోండమ్మా, నొప్పికి హాయిగా ఉంటుంది, కాని అది మందు కాదు, మందుకు తోడు మాత్రమే అన్నాడు. ఆ ఒక్క మాట విన్నాను. మిగతావి వినలేదు.

రెండోది మాత్రల సంగతి. దాని పెట్టెలో పన్నెండు రోజుల మాత్రలు మిగిలి ఉన్నాయని, ఇంత నిర్లక్ష్యమా అని మంచం మీద ఉన్న మనిషిని తిట్టావట. అది తల దించుకుని, "మరిసిపోనాను" అందట. మూడోది ఎండ సంగతి. ఎండలో తిరిగావా అని డాక్టరు ఎన్నిసార్లు అడిగినా, "నేదండీ, నీడపట్టునే ఉన్నాను" అంటోందట.

అది మరిచిపోలేదు నాయనా. నీడపట్టునా లేదు. అబద్ధం ఆడుతోంది. ఎవరికోసమో చెప్తాను.

కిందటి దీపావళి తరువాత నీకు సెలవు దొరక్కపోతే నేనే దాన్ని బరంపురం తీసుకెళ్ళాను కదా. దానికి నెత్తురు తీస్తుండగా డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఒరియా ఆయనే గాని తెలుగు బాగానే మాట్లాడాడు. "అమ్మా, మన ఒంట్లో కాపలాదారులు ఉంటారు, బయటి నుంచి రోగం వస్తే తరిమికొడతారు. ఈ అమ్మాయి ఒంట్లో ఆ కాపలాదారులే ఇంటివాళ్ళను దొంగలనుకుని కొడుతున్నారు. కీళ్ళు వాచినా, ముక్కుకు రెండు పక్కలా ఎర్రగా కందినా, కడుపు రెండుసార్లు నిలవకపోయినా అన్నింటికీ ఇదే కారణం. ఎండ తగిలితే వాళ్ళు ఇంకా రెచ్చిపోతారు. ఎండలోకి పంపకండి. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో పెట్టుకోవాలి" అన్నాడు.

పూర్తిగా పోదు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. నా చిన్నప్పుడు ఒంటినిండా పొక్కులు లేచి తోలు ఊడిపోతే మా అమ్మ అరసవల్లి సామికి మొక్కి, పన్నెండు ఆదివారాలు నన్ను ఎండలో నిలబెట్టింది. తగ్గిపోయింది. తోలు జబ్బంటే సిక్కోలు జిల్లాలో ఎవరినడిగినా చెప్పే పేరు ఆ సూర్యనారాయణమూర్తిదే. నాకు పెట్టిన పేరూ ఆయనదే. ఎండలోకి పంపొద్దు అంటే నా చెవికి దేవుడి మొహం చూడొద్దు అన్నట్టే వినిపించింది. ఒరియా డాక్టరు, వీడికేం తెలుసు మన సామి సంగతి అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంటికొచ్చాక మీ నాన్న, "డాక్టరేటన్నాడే?" అని అడిగితే, "ఏటీ నేదు, మాత్రలు మింగమన్నాడు" అనేశాను.

రథసప్తమి వెళ్ళిన ఆదివారం మొదలుపెట్టాను. పొద్దున్నే దాని తలమీదా భుజాలమీదా జిల్లేడాకులు పెట్టి నీళ్ళు పోసేదాన్ని. పెరట్లో పిడకల పొయ్యి మీద పాయసం పొంగించి, తడిచీరతో తూర్పుకు తిప్పి నిలబెట్టేదాన్ని. పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా కదలకూడదు. ఆరోజు ఉప్పు లేదు, నూనె లేదు. మొక్కు రోజున మందు మింగితే సామిని నమ్మనట్టే కదా, అందుకని మాత్ర కూడా మాన్పించాను. నువ్వు లెక్కపెట్టిన పన్నెండూ అవే.

నాలుగో వారానికి దాని మొహం కాలిన రొట్టెలా అయింది. కుంతి ఆకుల మూట దింపి చూసి, "అమ్మా, ఆ కోడలమ్మ మొకం సూడు, కందిపోనాది. నోపలికి తోలీ" అంది. "నీకేటి తెలుసే, నోరుముయ్" అన్నాను. రోగం బయటికి వచ్చి పోతోందని సంబరపడ్డాను కూడా. తొమ్మిదో వారం జ్వరం వచ్చింది. మొక్కు మధ్యలో ఆపితే సామికి కోపం వస్తుందని జ్వరంతోనే నిలబెట్టాను. పన్నెండో వారం పాయసం గిన్నె పక్కనే కూలిపోయింది. ఎత్తుకుని లోపలికి తెచ్చింది కుంతే. నేను పొయ్యి దగ్గర నిలబడి, మొక్కు పూర్తయింది సామీ అని దండం పెట్టుకుంటున్నాను.

ఇది డాక్టరుకు చెప్పు. ఒక్క మాట కూడా దాచకు. మాత్రలు సరిగ్గా పడలేదు, పన్నెండు వారాలు ఎండలో నిలబెట్టారు అని తెలిస్తే ఆయన ఆలోచన మారుతుందేమో. పాత మందే సరిగా వేసి చూద్దాం అంటాడేమో. అనకపోవచ్చు కూడా, నాకు తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. ఎవరైనా తిట్టాలంటే నన్ను తిట్టండి. డాక్టరు ఎదుటే తిట్టినా సరే.

దానితో నేను ఎలా ఉండేదాన్నో నీకు తెలుసు. మేం చూసిన సంబంధం కాదని మొదటి రోజు నుంచీ ముఖం ముడుచుకునే ఉన్నాను. రెండో కడుపు పోయినప్పుడు నేను అన్న మాటలు ఇప్పుడు రాయలేను. కాఫీ గ్లాసు చేతికి ఇవ్వకుండా నేలమీద పెట్టి వెళ్ళిన రోజులున్నాయి. అది ఒక్కనాడూ నీకు చెప్పి ఉండదు.

ఇంకొకటి ఉంది. చెప్పనని దానికి మాట ఇచ్చాను, తప్పుతున్నాను.

కిందటి నెల మీరు బయలుదేరేటప్పుడు నువ్వు టిక్కెట్లకు వెళ్ళావు. మేమిద్దరం స్టేషను బల్ల మీద కూర్చున్నాం. వాచిన కాళ్ళకు చెప్పులు పట్టక చేత్తో పట్టుకుంది. నా వైపు చూడకుండానే, "అత్తా, ఎండ మాట బరంపురం డాక్టరు నాకూ సెప్పేడు. నెత్తురు తీసినాక పిలిసి సెప్పేడు" అంది.

"మరి తెలిసీ ఎందుకే నిలబడ్డావు? నాకెందుకు సెప్పనేదు?" అన్నాను.

చేతిలోని చెప్పులు కింద పెట్టి, "మొదటి ఆదివారం నువ్వు దండం ఎట్టుకుంటా, నా కూతురికి నయం సెయ్యి సామీ అన్నావు. అయిదేళ్ళకి నన్ను కూతురన్నావు. మరి కాదననేకపోయేను" అంది. "మీ అబ్బాయికి సెప్పకు అత్తా, నీ మీద కోపం ఎట్టుకుంటాడు" అని నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. ఈలోగా నువ్వు వచ్చేశావు. రైలెక్కించాను.

ఉత్తరం అంతా డాక్టరుకు చదివి వినిపించు. నీలవేణి దగ్గర కూర్చుని దానికీ చదువు, అత్త తప్పు ఒప్పుకుంది, ఇంక నువ్వు అబద్ధం ఆడనక్కర్లేదు అని చెప్పు. తిట్టినందుకు నువ్వూ దాన్ని క్షమించమని అడుగు. సత్తిబాబు తిరిగి వచ్చేటప్పుడు రెండు ముక్కలు రాసి పంపు. వైజాగు రమ్మంటే నేనూ వస్తాను, వద్దంటే ఇక్కడే ఉంటాను.

ఈ కింద ఉన్న ముక్క మాత్రం దానికి వినిపించకు. నీకొక్కడికే రాస్తున్నాను. మిమ్మల్ని రైలెక్కించిన రోజు నుంచి ఎంత తలుచుకున్నా, నేను దాన్ని కూతురు అన్నట్టు నాకు జ్ఞాపకం లేదురా.

ఇట్లు,
నీ అమ్మ,
సూర్యకాంతమ్మ